మాత్రల్ని తినేసిన బలపం

అప్పుడు నాకు ఏడో నెల. మార్కాపురంలో మాది పలకలు, బలపాలు అమ్మే దుకాణం. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రిలో ఐరన్ మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా మింగాను. అయినా పరీక్ష చేసిన ప్రతిసారీ రక్తం తగ్గుతూనే ఉంది.

"మాత్రలు పారేస్తున్నావా?" అని నర్సమ్మ అందరి ముందూ గద్దించింది. నాకంటే ముందు మా అత్తమ్మకు కోపం వచ్చింది.

"నేనే ఎదురుగా నిలబడి మింగిస్తున్నా. మీ మాత్రల్లోనే సత్తువ లేదేమో చూసుకోండి! అమ్మాయ్, ఖాళీ అట్టలు తీసి చూపించు."

నేనూ ధీమాగా సంచి బోర్లించాను. అట్టలతో పాటు, కొరికిన బలపం ముక్కలు గుప్పెడు బల్ల మీద దొర్లాయి. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "రక్తం తక్కువైతే ఇట్ల బలపాల మీదికి, మట్టి మీదికి మనసు పోతాదమ్మా. ఆ మట్టేమో ఐరన్‌ని పట్టుకోని ఒంటికి పట్టనియ్యదు. ఇంక నువ్వెన్ని మింగితే ఏంది?"

ఆటోలో ఇల్లు దగ్గర పడ్డాక అత్తమ్మ మెల్లగా, "నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నేనూ పెట్టెలకు పెట్టెలు తిన్నాలే. కాన్పులో చావుదాకా పోయొచ్చినా. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అంది.

ఆ రోజు నుంచి బలపాల బీరువాకు తాళం, తాళంచెవి అత్తమ్మ కొంగున. కాన్పు నాటికి నా రక్తం పెరిగింది.

ఇప్పుడు మా పాప అంగన్‌వాడీకి పోతోంది. ఇంటికి రాగానే నేను పలక చూడను, ముందు బలపం చూస్తాను. రాసి అరిగితే సరే. పంటి గాట్లు కనిపించాయా, మర్నాడే రక్తపరీక్షకు!