మూత పెట్టిన కెమెరా

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత వీడియో టేపులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే కొట్టతను మూడో టేపు పెట్టి పెదవి విరిచాడు. "ఇందులో బొమ్మ లేదు మేడమ్, అంతా నలుపే. ఏవో మాటలున్నాయి. తీసెయ్యనా?" సరేననబోతుండగా ఆ నల్లటి తెరలోంచి ఒక దగ్గు వినిపించింది. ఇసుక రాలినట్టుండే గరుకు దగ్గు. పదిహేనేళ్ళకు పైగా విననిది. "ఉంచండి. ఆవిడ సినిమా నటి," అన్నాను. అతను నన్ను అనుమానంగా చూసి, కుర్చీ చూపించాడు.

ఆ దగ్గు మాణిక్యంగారిది. మా ఆయన సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీ ఇంజనీరుగా చేసే రోజుల్లో, మా పక్కింటి డాక్టరుగారి నాయనమ్మగా విజిట్ వీసా మీద ఆరు నెలలకు వచ్చారు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. మద్రాసులో మూకీల కాలంలో నాలుగు సినిమాల్లో నాయిక. నేనేమో కాలేజీ నాటకాల్లో కప్పులు గెలిచి, నా ఇకామా మీద, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు మీద, పని చేయకూడదని రాసిపెట్టిన ఊళ్ళో చపాతీలు ఒత్తుకుంటున్నదాన్ని. ఆవిడ నోట 'నువ్వు నటివి' అన్న ఒక్క మాట వినాలని ఆశ. అందుకోసం రోజూ మధ్యాహ్నం ఫ్లాస్కులో టీ పట్టుకుని వెళ్ళేదాన్ని.

ఆవిడ తన కథ నవ్వుతూనే చెప్పేవారు. పద్నాలుగేళ్ళకు తెరమీదికి వచ్చారు. పదహారు నిండేసరికి సినిమాలకు మాటలు వచ్చాయి. "గొంతు పరీక్షకు పిలిచారు. ఒక్క వాక్యం చెప్పానో లేదో, గొంతులో ఇసుకేమైనా పోసుకున్నావా అన్నారు. నా పక్కన చెలికత్తె వేషాలేసే పిల్లకు పాట వచ్చు. నా వేషం దానికిచ్చారు." మరి ఆ నాలుగు సినిమాలు ఏమయ్యాయని అడిగాను. "రీళ్ళలో ఉండే వెండి కోసం వాటిని కరిగించేశారట. ఇప్పుడు ఎవరి కాలి పట్టీల్లో ఉన్నానో!" అన్నారు. ఆ చెలికత్తె పిల్ల గురించి మాత్రం మళ్ళీ ఎత్తేవారు కాదు.

మా వీడియో కెమెరా చూశాక ఆవిడకు హుషారు పుట్టింది. మాటల్లేకుండా ఒక చిన్న సినిమా తీద్దామన్నారు. ఇద్దరు సవతులు, భర్త పెద్దామెకు రాసిన ఉత్తరాన్ని రెండో ఆమె దాచేస్తుంది. అంతే కథ. పెద్దామె వేషం నాదేననుకుని పట్టుచీర ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను. ఆవిడ వేలితో షమీమ్ వైపు చూపించారు. షమీమ్ భర్త అక్కడే టెక్నీషియన్, వాళ్ళది కర్నూలు. జన్మలో స్టేజి ఎక్కని పిల్ల. "నాకేమొస్తాది అవ్వా! ఊరికే కూసుంటా, సాలా?" అంది. "అదే కావాలి," అన్నారు ఆవిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం దాచే సవతి వేషం నా ముఖాన పడింది.

షమీమ్ భర్త ఒక షరతు పెట్టాడు. టేపు ఆడవాళ్ళే చూడాలి, ఒక్కసారే చూడాలి, ఆ తర్వాత చెరిపేయాలి. సరేనని అందరికంటే ముందు నేనే మాటిచ్చాను. షమీమ్ బొమ్మ మిగలదన్నదే నా సంతోషం.

షమీమ్ కిటికీ దగ్గర నిజంగానే ఊరికే కూర్చుంది. అయినా చూసేవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేను కళ్ళు తిప్పాను, పెదవి కొరికాను, పళ్ళు నూరాను. మాణిక్యంగారు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ముఖాన్ని వదిలెయ్యమ్మా. ఇదిగో, ఇది చూసుకో." నా బొటనవేలు పిడికిలి లోపల నలిగిపోతోంది. "షమీమ్‌ను ఎవరు మెచ్చుకున్నా ఇది లోపలికి పోతుంది. కెమెరా దీన్ని చూస్తే చాలు." సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆవిడ చెప్పినట్టే చేశాను.

పదిమంది ఆడవాళ్ళం టీవీ గొంతు నొక్కేసి చూశాం. అందరూ షమీమ్‌ను కౌగలించుకున్నారు. ఒకావిడ మాత్రం, "నీ చెయ్యి చూస్తే భయమేసింది తల్లీ," అంది నాతో. నేనూ చూశాను. అంత బాగా నేను ఎప్పుడూ చెయ్యలేదు. అప్పుడు దిగులు పట్టుకుంది. అది చెరిగిపోతే నేను నటినని చెప్పడానికి ఏం మిగులుతుంది? మర్నాడు చెరిపేయడానికి కూర్చున్నప్పుడు కెమెరాలో వేరే టేపు పెట్టాను. మాణిక్యంగారు నా చేతి వైపు చూశారు. ఎప్పటిలాగే బొటనవేలు లోపలుంది. "అసలుది తీసుకురా," అన్నారు మెల్లగా.

తెచ్చాను. "మీకు బాధగా లేదా?" అని ఉక్రోషంగా అడిగాను.

"ఎందుకుండదు? కానీ నా నాలుగూ నన్ను అడక్కుండానే పోయాయి. ఇది చెప్పి పోతోంది."

కెమెరాకు మూత పెట్టి, పాతదాని మీద చీకటి రికార్డయ్యేలా మీట నొక్కాను. అది పూర్తయ్యేదాకా ఆవిడ, షమీమ్, నేను ముగ్గురం కబుర్లాడుతూ కూర్చున్నాం. ఉండబట్టలేక అడిగేశాను, మా ఇద్దరిలో ఎవరు బాగా చేశారని. "షమీమే," అన్నారు తడుముకోకుండా. ముఖం మాడ్చుకుని, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ వారమే ఆవిడ ఇండియా వెళ్ళిపోయారు. ఏడాది తిరగకుండానే పోయారని తెలిసింది. ఆ ఒక్క మాటనే ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని ఉడికాను.

మూత పెట్టినా కెమెరా మాటలు వింటూనే ఉంటుందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. కొట్లో నల్లటి తెర ముందు కూర్చుని, నా చెప్పుల చప్పుడు వంటింటివైపు వెళ్ళడం విన్నాను. తర్వాత షమీమ్ గొంతు: "అక్కకి కోపమొచ్చినట్టుంది. ఆ ఏసం అక్కకెందుకిచ్చినావు అవ్వా?"

దగ్గు. ఆ తర్వాత, సినిమావాళ్ళు వద్దన్న ఆ ఇసుక గొంతు: "అది నా వేషం తల్లీ. ఆ పాటల పిల్ల మీద కుళ్ళుకుంటూ డెబ్భై ఏళ్ళు వేశాను. ఈ పిల్లయినా ఒక్క సినిమాతో వదిలేస్తుందని ఇచ్చాను."

షమీమ్ నవ్వింది. ఎంత బాగుందో ఆ నవ్వు. వింటుంటే ఒళ్ళో ఉన్న నా పిడికిలి బిగుసుకుంది. చూసుకున్నాను. బొటనవేలు లోపలే ఉంది. బయటికి తీశాను.