దొరకాలని మొక్కుండ్రి

వరదకు తెగిన పట్టాలు బాగుచేసి రైళ్లు మళ్లీ వదిలిన మర్నాడే మేం విజయవాడలో బయలుదేరాం. మా చర్చి సంఘం నుంచి ఆరుగురం. మాకు పెద్దగా వచ్చింది సంఘ పెద్దల్లో ఒకరైన ఏసురత్నం గారు, విశ్రాంత డ్రాయింగు మాస్టారు. బియ్యం, దుప్పట్లు చాలామంది పంచుతున్నారనీ, ఇళ్లలో బురద ఎత్తిపోసే మనుషులు మాత్రం దొరకడం లేదనీ హనుమకొండ సంఘం వాళ్లు ఫోన్ చేస్తే, మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పార పట్టడం అదే మొదలు.

ఉదయం ఏడున్నరకు రైలు కదలగానే తలలు వంచి ప్రార్థన చేసుకున్నాం. జనరల్ బోగీలో కూర్చోవడానికి చోటు దొరికింది. ఖమ్మంలో ఇడ్లీ పొట్లాలు కొనుక్కున్నాం. ఎదురు సీట్లో వరంగల్ బజారులో బట్టల దుకాణం ఉన్న ఒకాయన మా గోనెసంచుల వైపు చూసి, "ఏం తీస్కపోతాండ్రమ్మా గా సంచులల్ల?" అని అడిగాడు.

"పారలు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడరండీ."

"ప్రార్థన పుస్తకాలనుకున్న," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "పోండ్రి. బురద తీసుడు మంచి పనే," అన్నాడు.

మహబూబాబాద్ దాటాక రైలు నడక వేగానికి తగ్గింది. అటూ ఇటూ పత్తి చేలు ఇసుక మేటల కింద పడుకుని ఉన్నాయి. మాట్లాడుకుంటున్న వాళ్లంతా ఒక్కొక్కరే ఆగిపోయి కిటికీల్లోంచి చూశారు.

వరంగల్లో దిగి ఆటోల్లో హనుమకొండ వెళ్లాం. చర్చి వెనక హాల్లో చాపలు, రెండు ఫ్యాన్లు, వేడి అన్నం, పప్పుచారు. ఆ మధ్యాహ్నమే వ్యాన్లో నెక్కొండ వైపు ఒక ఊరికి తీసుకెళ్లారు. ఊరి పేరు రాయను. ఆ ఇంటివాళ్ల దుఃఖం వాళ్లది.

మాకు అప్పగించిన ఇంట్లో మోకాలి లోతు బురద. వడ్ల బస్తాలు మొలకెత్తి కుళ్లిపోయాయి. ఆ వాసనకు మొదట తల తిరిగింది. తర్వాత అలవాటైంది. ఇంటావిడ ఎదురింటి అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది గాని లోపలికి రావడం లేదు. పేరు యాకమ్మ. ముప్పై దాటి ఉండవు. ఇత్తడి బిందెలు కడిగి, ఎక్కడ పెట్టమంటావని అడగడానికి వెళ్లాను.

"ఏడనన్న పెట్టు అక్కా. ఇల్లు ఏడికి పోతది? జర వాగు దాక రారాదు?"

అప్పుడు తెలిసింది. వాన కురిసిన మర్నాడు పొద్దున ఆమె భర్త వాగు ఒడ్డున ఉన్న నీళ్ల మోటరు విప్పి తేవడానికి వెళ్లాడు. "నీళ్లు మోకాలి దాకనే ఉన్నయ్, గిప్పుడే వస్త అన్నడు," అంది. మళ్లీ రాలేదు. పోలీసులు వెతికి వెళ్లారు. ఆమె మరిది ఐలయ్య ఒక్కడే ఇంకా వెతుకుతున్నాడు.

ఏసురత్నం గారికి చెప్పాను. ఆయన పార గోడకు ఆనించారు. "మనం వచ్చింది ఇళ్లు కడగడానికమ్మా," అని, వెంటనే, "ఇక్కడ నలుగురం చాలు. మీరిద్దరు వెళ్లండి," అన్నారు. మాతో వచ్చిన నర్సు రూతమ్మ, నేను వెళ్లాం.

వాగు ఒడ్డంతా ఒండ్రు. ఐలయ్య మాకు చెరో వెదురు కర్ర ఇచ్చాడు. "లోపలికి దించుండ్రి. పైకి తీసి కొస వాసన జూడుండ్రి," అన్నాడు. మొహం పక్కకు తిప్పుకుని చెప్పాడు ఆ రెండో మాట.

కర్ర దించడం, తీయడం, వాసన చూడడం. పొద్దు గూకేదాకా అదే పని. ప్రతిసారీ ఏమీ లేదని తెలిశాక ఊపిరి పీల్చుకునేదాన్ని. యాకమ్మ మాత్రం ప్రతిసారీ కొంచెం కుంగిపోయేది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆగింది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట చెరిగిన బొట్టు. "పొద్దుగాల లేసి బొట్టు పెట్టుకోవాల్నో వద్దో తెల్వదక్కా. పెట్టుకుంటే ఒకలు జూస్తరు, పెట్టుకోకుంటే ఇంకొకలు జూస్తరు. దినాలు జేద్దామంటే మనిషి లేకపాయె." తర్వాత అడిగింది, "మీరు ప్రార్థన జేస్తరు గద?"

"చేస్తాం. క్షేమంగా తిరిగి రావాలని..."

"గది వద్దు," అంది. "దొరకాలని మొక్కుండ్రి."

రైల్లో వస్తూ మేమంతా బతికినవాళ్ల కోసం ప్రార్థించాం. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ ప్రాణం అడిగేవే. చివరికి రూతమ్మ నా చెయ్యి పట్టుకుంటే, "ప్రభువా, ఈమె భర్త ఈమెకు దొరకాలి," అని మాత్రం అన్నాను. యాకమ్మ చేతులు జోడించి వాగు వైపు తిరిగి నిలబడింది.

మర్నాడంతా వెతికినా దొరకలేదు. మూడో రోజు పొద్దున కర్రలు పట్టుకుని ఒడ్డు దిగుతుండగా ఐలయ్య ఫోన్ మోగింది. కింద ఊళ్లో కల్వర్టు దగ్గర ముళ్లకంప తీస్తుంటే కనబడ్డాడట. మొలతాడుకు కట్టుకున్న మోటరు డబ్బా తాళంచెవి చూసి గుర్తుపట్టారు. ఐలయ్య అక్కడే బురదలో కూలబడ్డాడు. యాకమ్మ ఏడవలేదు. నా సీసా అందుకుని, గటగటా నీళ్లన్నీ తాగేసింది. "దొర్కిండక్కా," అంది. ఆ మొహంలో కనిపించింది సంతోషం కాదని ఇప్పటికీ చెప్పలేను. మరుక్షణం ఆమె గొంతులోంచి వచ్చిన అరుపుకు పొలాల్లో వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

పోస్టుమార్టం అయ్యి మధ్యాహ్నానికి తెచ్చారు. ఆ వాడలో ఎక్కడ చూసినా చిత్తడే. మేం కడిగిన వాకిలి ఒక్కటే ఆరి ఉంది. అక్కడే పడుకోబెట్టారు. మా మూడు రోజుల చాకిరీ అందుకు పనికొచ్చింది. ఆడవాళ్లు యాకమ్మను చుట్టుముట్టగానే మేం పక్కకు తప్పుకుని, రోడ్డు మీద వ్యాను దగ్గర తలలు వంచుకుని నిల్చున్నాం. ఏసురత్నం గారు పైకి ప్రార్థించలేదు. ఎవరూ అడగలేదు కూడా.

సాయంత్రం వరంగల్లో రైలెక్కాం. వెళ్లదలచిన వాళ్లకు ఒక మాట: మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తీసుకెళ్లండి, మా చెప్పులు మొదటి గంటలోనే తెగాయి. మీరు అనుకుని వెళ్లిన పని కాక వాళ్లు వేరే పని అడిగితే, ముందు అది చేయండి.

నెక్కొండ దాటాక వాగు మీద వంతెన వచ్చింది. కింద నీళ్లు సన్నగా పారుతున్నాయి. చీర కుచ్చెళ్లు ఎత్తకుండా దాటొచ్చు. ఏసురత్నం గారు నా పక్కకు జరిగి మెల్లగా అన్నారు.

"ఆదివారం చర్చిలో సాక్ష్యం మీరు చెప్పండి సిస్టర్. ప్రార్థనకు జవాబు వచ్చింది కదా."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. జవాబు వచ్చిన మాట నిజమే. లేచి నిలబడి ఆ మాట చెబితే సంఘమంతా చప్పట్లు కొడుతుంది. యాకమ్మ అరిచిన అరుపు వాళ్లెవరూ వినలేదు.

"సాక్ష్యం చెప్పలేనండీ," అన్నాను. "ఆమె కోసం ప్రార్థించమని అడుగుతాను."

"ఏమని అడుగుదామమ్మా?"

"అది ఆమెనే అడగాలండీ," అన్నాను. మహబూబాబాద్‌లో రైలు ఆగగానే దిగి, యాకమ్మ ఖాళీ చేసిన సీసాలో నీళ్లు పట్టుకున్నాను.