పద్నాలుగో తలుపు

మమూరు ద్రాబో చివరిసారిగా బాగుచేసింది నోవాగా జోంగో సైకిలే. గురువారం పొద్దున ట్యూబును నీళ్లగిన్నెలో ముంచి, బుడగలొచ్చిన చోట వేలు నొక్కిపెట్టి, అతుకేసి, గాలి కొట్టి ఇచ్చాడు. ఇచ్చే ముందు అలవాటు ప్రకారం తిట్టాడు.

"ఒరే బానిసా! నీ బరువుకి సైకిలు కాదురా, గాడిద కావాలి. మీ ఆవిడ సంకటి కుండతో సహా పెడుతోందా ఏం?"

"పోరా సామో వెధవా. పైవారం నిన్ను మా రాజుగారి గుర్రాలకి గడ్డి కోయడానికి పంపిస్తా."

"పంపించు. ముందు ఆ గుర్రం దిగమను మీ రాజుని. వాడూ నా బానిసే."

శుక్రవారం నమాజుకు లేవలేదు మమూరు. నిద్రలోనే పోయాడు.

రాజధాని వాగాడూగూ శివారులోని ఆ వాడలో మోసీలదే పైచేయి. ఆఫీసులు వాళ్లవి, కుర్చీలు వాళ్లవి. సామోలు కొద్దిమంది. అయితే ఎవరు ఎవరికి బానిస అన్న వేళాకోళం తాతల నాటి నుంచి ఈ రెండు జాతుల మధ్యా నడుస్తూనే ఉంది. సామో ఎంత మాటన్నా మోసీ నవ్వి ఊరుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడికే పరువు పోతుంది. మోసీ అంటే సామో నవ్వాలి. అదే మోసీ ఇంకో మోసీ పెద్దమనిషి దగ్గరకు వెళ్తే మాత్రం టోపీ తీసి, చెప్పులు విడిచి, మోకాళ్లు మడిచి కూర్చుని మాట్లాడాలి. పురపాలక ఆఫీసులో పనిచేసే నోవాగాకు అలా మడిచి మడిచి మోకాళ్ల నొప్పులే వచ్చాయి.

నోవాగా పని తలుపుల మీద ఎర్రరంగుతో అంకెలు వేయడం. అంకె పడిన ఇంటికి స్థలం పట్టా వస్తుంది. పడని ఇంటి మీదకు వానలు వెనకపట్టగానే బుల్డోజరు వస్తుంది. జాబితా రాసినవాడు స్థలాల సంఘం అధ్యక్షుడు నికియెమా. ఆయన మోసీ. జాబితాలో మోసీ పేర్లున్న తలుపులన్నీ ఉన్నాయి. నిరుడు వచ్చి తడికె కట్టుకున్నవాడిదీ ఉంది. మమూరు దుకాణం వరసలోని పద్నాలుగు ఇళ్లు మాత్రం లేవు. ఆ ఇళ్లలో ఉండేది సామోలు, బోబోలు, పశువుల కాపరులైన ఫులానీలు.

దాంతో మమూరు రోజూ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాడు. నోవాగా గోడవారన చతికిలబడి ఉంటే, మమూరు గది నడిమధ్య నిటారుగా నిలబడేవాడు.

"ఏరా నికియెమా, నిన్ను కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారు? నేను నిన్ను మేకల్ని కాయమన్నాను కదా?"

గదంతా నవ్వు. నికియెమా కూడా పళ్లు కనపడేలా నవ్వేవాడు. జాబితా మాత్రం మారలేదు.

ఒకనాడు నికియెమా కారు టైరు సరిగ్గా మమూరు దుకాణం ముందే పంక్చరైంది. మేకు అక్కడికి ఎలా వచ్చిందో నోవాగా అడగలేదు. మమూరు చక్రం ఊడదీసి, దాని మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు.

"బిగించు," అన్నాడు నికియెమా.

"బానిస ఆజ్ఞాపిస్తే యజమాని బిగిస్తాడా? పద్నాలుగు తలుపులు. అంకెలు పడ్డాక బిగిస్తా."

వాడంతా పోగైంది. ఆడవాళ్లు నీళ్ల డబ్బాలు దించి మరీ నవ్వుతున్నారు. కోప్పడితే ఎన్నికల దాకా ఆ కథే నడుస్తుంది. నికియెమా చెమట తుడుచుకుని, నవ్వి, నోవాగాకు సైగ చేశాడు. ఎండలో పదమూడు తలుపులకు అంకెలు పడ్డాయి. పద్నాలుగోది మమూరుది. అప్పుడు చెయ్యెత్తి ఆపాడు నికియెమా.

"బానిసకి ఇల్లెందుకురా? కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని అడుగు. ఇప్పుడే వేయిస్తా."

హాస్యానికి హాస్యం. మమూరు పడీపడీ నవ్వాడు. లేచి చక్రం బిగించాడు. వంగలేదు.

"ఒక్కసారి వంగరాదూ, పోయేదేముంది?" అని నోవాగా తర్వాత ఎన్నిసార్లు బతిమాలాడో. "నీకోసం కాదురా, హబీ కోసం." హబీ మమూరు భార్య.

"నా మోకాళ్లలో గ్రీజు అయిపోయిందిరా," అనేవాడు మమూరు. అలా అంకె లేకుండానే పోయాడు.

సామో పోతే ఏడుస్తున్నవాళ్లను నవ్వించాల్సింది మోసీయే. శుక్రవారం సాయంత్రం శ్మశానంలో నోవాగా మమూరు టోపీ పెట్టుకుని, గాలి పంపు చంకలో ఇరికించుకుని, గోతిలోకి దూకి వెల్లకిలా పడుకున్నాడు.

"నేనే మమూరుని! తలుపుకి అంకె పడందే ఇది ఖాళీ చెయ్యను. నా బానిస నికియెమా ఎక్కడ?"

ఏడుస్తున్న హబీకి కూడా నవ్వొచ్చింది. జనం తోయగా తోయగా నికియెమా గోతి అంచుకు వచ్చాడు. లోపలున్నవాడితో మాట్లాడాలంటే మోకాళ్లు మడవక తప్పదు. మడిచాడు.

"లేవరా బాబూ. వేయిస్తా."

"వినపడలేదు, ఇంకాస్త వంగు!"

శనివారం పొద్దున్నే నోవాగా డబ్బా, కుంచె పట్టుకెళ్లి పద్నాలుగో తలుపు మీద అంకె వేశాడు. మిగతా వాటికంటే రెండింతలు పెద్దదిగా వేశాడు. రంగు ఇంకా ఆరకముందే కొంగూసీ ఊరి నుంచి వచ్చే బస్సు దిగి ఒక ముసలాయన వచ్చాడు. అచ్చం మమూరు ముక్కే. అచ్చమైన మోసీ యాస.

"నేను రస్మనే సవడోగోని," అన్నాడు. "నా తమ్ముడి ఇల్లు ఇదేనా?"

సవడోగో. మోసీ ఇంటిపేరు. ఆ పేరు చెబితే చాలు, నికియెమా అడగకుండానే అంకె వేయించేవాడు.

"తమరి తమ్ముడా? ఇది ద్రాబో ఇల్లు. సామో."

"సామో ఏమిటి నాయనా? పదహారేళ్లప్పుడు మా ఊరి నాయకుడి ముందు టోపీ తియ్యనన్నాడు. ఆ రాత్రే ఊరొదిలాడు."

నోవాగా హబీ వైపు చూశాడు. ఆమె తల దించుకుని, నవ్వాపుకుంటున్నట్టో ఏడుపాపుకుంటున్నట్టో పెదవి కొరుక్కుంది.

"ద్రాబో మా నాన్న ఇంటిపేరు," అంది.