‘నేర్పిన’ అన్న మాట బరువు తెలిసిన మా హమీద్ సార్

మూడు వారాల కిందట ఒక శుక్రవారం ఉదయం. బడిలో ప్రార్థన ముగిసి, పిల్లలు వరుసగా తరగతి గదుల్లోకి వెళ్తున్నారు. బోధన్ నుంచి హమీద్ సార్ బిడ్డ షబానా ఫోన్ చేసింది. “అక్కా, అబ్బా పోయిండు. పొద్దుగాల నమాజ్ చదువుకొని మళ్ల ఒరిగిండు. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే” అంది. ఆమె గొంతు నిలకడగానే ఉంది. అంతకుముందు ఆదివారమే ఆయన పక్కన రెండు గంటలు కూర్చొని వచ్చాను. నేను బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఎడమ చెయ్యి ఎత్తి, జాగ్రత్తగా పొమ్మని “పైలం” అన్నారు. ఆ మాట ఆయనకు తిరిగి దొరికి అప్పటికి నెల కూడా కాలేదు.

హమీద్ సార్ బోధన్ పరిసరాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితులుగా పనిచేశారు. వారి తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అంగట్లో మరాఠీ వింటూ పెరిగిన మనిషి. కొత్తగా చేరిన పిల్లలు టైంటేబుల్లో పేరు చూసి ఉర్దూ సారేమో అనుకునేవారు. ఆయన తరగతిలోకి వచ్చి పద్యం ఎత్తుకోగానే నోళ్లు తెరుచుకొని వినేవారు. సన్నని మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో పుస్తకం తప్ప మరేమీ ఉండేది కాదు. సౌమ్యులని అందరూ అంటున్నారు గానీ, పిల్లల దగ్గర మాత్రమే సౌమ్యులు. తోటి ఉపాధ్యాయులతో మాట పట్టింపు చాలా ఎక్కువ. ఆ పట్టింపంతా దాదాపు ఒకే ఒక్క మాట గురించి.

ఆ మాట ‘నేర్పు’. ఎవరైనా సారు స్టాఫ్‌రూంలోకి వచ్చి, “ఫలానా పాఠం అయిపోయింది, నేర్పిన” అంటే ఈయన ఊరుకునేవారు కాదు. “నేర్పినవా, చెప్పినవా?” అని అడిగేవారు. రెండూ ఒకటే కదా అంటే, ఒకటి కావని వాదానికి దిగేవారు. మాకు వ్యాకరణం చెప్పేటప్పుడు కూడా ఇదే ఉదాహరణ. “బట్ట తడిసింది, నేను తడిపిన. కుండ నిండింది, నేను నింపిన. పిల్ల నేర్చింది, నేను నేర్పిన. బట్ట తడవకుంటే తడిపిన అనొచ్చునా? నీళ్లు పోసిన అని అనొచ్చు, గంతే. పిల్ల నేర్వకుంటే సారు నేర్పిన అనొద్దు. చెప్పిన అనాలె.” తెలుగులో నేర్పు అంటే చాతుర్యం అనే అర్థం కూడా ఉందని, చేతకాకుండా నేర్పడం కుదరదని ఆ భాషే ఒప్పుకుంటోందని నవ్వేవారు.

నేను పదో తరగతిలో ఉండగా ఒక అధికారి తనిఖీకి వచ్చారు. నెలవారీ నివేదికలో ‘బోధించిన పాఠాలు’ అన్న గడిలో తక్కిన సార్లందరూ ఏడు, ఎనిమిది అని రాస్తే, హమీద్ సార్ మూడు అని రాశారు. అధికారి మా తరగతిలోకే వచ్చి అడిగారు. “మిగతా నాలుగు ఎందుకు చెప్పలేదు?” అంటే, “చెప్పిన సార్. మీరు బోధించినవి రాయమన్నరు. పిల్లలకు బోధపడితెనే బోధించినట్టు. నాలుగు ఇంకా బోధపడలే” అన్నారు. మేము బెంచీల్లో బిగుసుకొని కూర్చున్నాం. మెమో వచ్చింది. ప్రధానోపాధ్యాయులు బతిమాలారు, అంకె మార్చి రాస్తే సరిపోతుందని. సార్ ఇచ్చిన సంజాయిషీ ఒక్క వాక్యం: నేర్పని పాఠాన్ని నేర్పినట్టు రాయలేను, చెప్పినట్టు రాయమంటే రాస్తాను. ఏడాది తిరగకముందే ఆయనను దూరపు ఊరికి బదిలీ చేశారు. రోజూ తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లి వచ్చారు. ఆ సంగతి ఎన్నడూ తన గొప్పగా చెప్పుకోలేదు. బస్సులో చదువుకోవడానికి తీరిక దొరికిందని మాత్రం అనేవారు.

ఆ మాటకు ఆయన ఎంత బరువు ఇచ్చారో చూపించడానికి నా సంగతే చెప్పాలి. చెప్పడానికి ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను.

తొమ్మిదో తరగతిలోకి వచ్చేనాటికి నాకు చదవడం రాదు. మా అమ్మ బీడీలు చుట్టేది. బడి లేని పూట, ఒక్కోసారి బడి ఉన్న పూట కూడా, నేనూ ఆమె పక్కన చాట పెట్టుకొని కూర్చునేదాన్ని. అక్షరాలు గుర్తుపట్టేదాన్ని గానీ వాటిని కలిపితే మాట అయ్యేది కాదు. కాకపోతే విన్నది మరిచిపోయేదాన్ని కాదు. పక్క పిల్ల పాఠం చదువుతుంటే విని, కంఠతా పట్టి, పుస్తకం ఎదురుగా పెట్టుకొని గడగడా ఒప్పజెప్పేదాన్ని. ఎనిమిదేళ్లు ఎవరికీ దొరకలేదు. ఒకరోజు హమీద్ సార్ నన్ను లేపి చదవమన్నారు. నేను మొదలుపెట్టాను. ఆయన మెల్లగా నా పక్కకు వచ్చి, నా చేతిలోని పుస్తకంలో పేజీ తిప్పారు. నేను పాత పేజీనే చదువుతూ పోయాను. సగంలో నాకే తెలిసింది. చదవడం ఆపేశాను. “మంచిగ చదివినవ్, కూసో బిడ్డా” అని ఆయన ముందుకు వెళ్లిపోయారు. క్లాసులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

ఆదివారం మా ఇంటికి వచ్చారు. అమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

“ఏం తప్పు చేసింది సార్ మా పోరి?” అంది.

“తప్పేం లేదు తల్లీ. నాకు బీడీలు చేసుడు నేర్పుమని అడగ వచ్చిన. నువ్వు కాదు, నీ బిడ్డ నేర్పాలె.”

“గదేంది సార్! మీరచ్చి మా ఇంట్ల కూసొని బీడీలు చేసుడేంది? నలుగురు సూస్తే ఏమంటరు?”

“రాని పనిని నేర్సుకునుడు ఎట్లుంటదో మర్చిపోయిన తల్లీ. సారుకు గిది యాది లేకుంటే పిల్లలకు శాన కష్టం.”

అమ్మ ఇంకేమీ అనలేక గోనెసంచి పరిచింది. ఆయన తెల్ల చొక్కాతోనే కింద కూర్చున్నారు. నేను చెప్పాను: తడి ఆకు ఇట్లా కత్తిరించాలి, తంబాకు ఇంతే పెట్టాలి, ఇట్లా చుట్టి మూతి మడిచి దారం కట్టాలి. ఆయన చుట్టింది చేతిలోనే విచ్చుకుపోయింది. రెండోది గొట్టంలా వచ్చింది. మూడోది ఆకే చినిగింది. పండితుడి నుదుటి మీద చెమట పట్టింది. నేను ఆపుకోలేక నవ్వాను. అమ్మ నా నెత్తిన మొట్టింది. “నవ్వనియ్యి తల్లీ, నేను గూడ క్లాసుల పిల్లల తప్పులకు నవ్వినోణ్నే” అన్నారాయన.

ఆరు ఆదివారాలు వచ్చారు. నాకు విసుగొచ్చి చెప్పడం మానేశాను. ఆయన బొటనవేలి మీద నా వేలు పెట్టి, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కించాను. తర్వాత అది కూడా మానేసి, నా బీడీలు నేను చుట్టుకుంటూ, ఆయన తప్పు చేసినప్పుడు మాత్రం చేతులు ఆపేదాన్ని. నా చేతులు ఆగగానే ఆయన చూసి సరిచేసుకునేవారు. ఆరో ఆదివారం సాయంత్రానికి ఒక బీడీ, అమ్మ తీసి పక్కన పెట్టకుండా కట్టలో కలుపుకోగలిగిన బీడీ, ఆయన చేతుల మీదుగా వచ్చింది. ఆయన ముఖంలో ఆనాటి సంతోషాన్ని నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

“నువ్వు నాకు నేర్పినవ్” అన్నారు. “ఎట్ల నేర్పినవో చూసిన. ఇగ నేను నీకు అట్లనే నేర్పుత.”

అక్షరమాల జోలికి వెళ్లలేదు. ఆకు, చాట, దారం, కత్తెర, తంబాకు. నా చేతికి తెలిసిన మాటల నుంచి మొదలుపెట్టారు. వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి నేను గోడల మీద రాతలు, బస్సుల మీద పేర్లు, పొట్లం కట్టిన కాగితాలు అన్నీ ఆగి ఆగి చదివేదాన్ని. మాట తర్వాత మాట అర్థమవుతుంటే భయం వేసేది, ఇన్నాళ్లూ ఇవన్నీ నా ముందే ఉన్నాయా అని. పదో తరగతి పాసయ్యాను. టీచర్ ట్రైనింగు అయింది. నేడు కోటగిరి మండలంలో చిన్న పిల్లల బడిలో పనిచేస్తున్నాను.

విధి ఆ మహానుభావుణ్ని పరీక్షించిన తీరు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఏడాదిన్నర కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట పోయాయి. నిజామాబాద్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నెలకు ఉర్దూ కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. నీళ్లు, బిడ్డ పేరు, అల్లా పేరు. తెలుగు మాత్రం రాలేదు. చిన్ననాటి ఇంటి భాష ముందు రావచ్చు, తక్కినది రాకపోనూ వచ్చు అన్నారు డాక్టరు. నేను పలకరిస్తే ఆయనకు అర్థమయ్యేది. జవాబుకు నోరు తెరిచేవారు. పెదవులు కదిలేవి. కళ్లలో నీళ్లు తిరిగేవి. జీవితమంతా ఏ భాషతో బతికారో ఆ భాష ఆయనను విడిచి పోయింది.

నేను ప్రతి ఆదివారం వెళ్లడం మొదలుపెట్టాను. నేను ట్రైనింగైన టీచర్ని కదా. రంగురంగుల బొమ్మల అట్టలు చేసుకొని పోయాను. “సార్, ఇది చెట్టు. చెట్టు అనండి. ఇది ఇల్లు. ఇల్లు అనండి.” నాలుగు వారాలు, ఐదు వారాలు. ఆయన అట్టలను చూసేవారు, నన్ను చూసేవారు, తల తిప్పుకునేవారు. ఒక ఆదివారం నేను ఓపిక నశించి, “సార్, మీరు అసలు అనాలని అనుకుంటలేరు” అన్నాను. ఆయన ఎడమ చేత్తో అట్టలను పక్కకు తోసేశారు. చాలాసేపు గొంతులోనే తడుముకొని, ఒక్కొక్క ముక్కా పెకిలించినట్టుగా అన్నారు:

“చెప్తున్నవ్... నేర్పు... తలేవ్.”

జబ్బు తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి తెలుగు వాక్యం అది. షబానా, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాకు దుఃఖం, సిగ్గు, ఆనందం కలిసి వచ్చాయి.

అట్టలు ఇంట్లో పడేశాను. తరువాతి వారం ఆయనను ఆటోలో ఎక్కించుకొని కూరగాయల అంగడికి తీసుకుపోయాను. ఏమీ అడగలేదు. కర్ర పట్టుకొని ఆయన నడుస్తుంటే పక్కన నడిచాను. మొదటి వారం ఒక్క మాట రాలేదు. రెండో వారం కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెట్టుకొని ఆ పేరులో సగం అన్నారు. మూడో వారం ఒక అవ్వ టమాటాలు సంచిలో వేస్తూ, మాటల సందులో అడుగునవి నాలుగు కలిపేసింది. సార్ కర్ర ఎత్తారు.

“మెత్తగున్నయ్! వద్దు!”

అవ్వకు ఈ సంగతులేవీ తెలియవు. “గట్టియే ఏస్త తియ్ సారూ, గింత కోపమెందుకు” అని సణుగుతూ మార్చింది. నేను అంగడి మధ్యలో నిలబడి ఏడుస్తూ నవ్వాను. సార్ కూడా నవ్వారు, మూతి ఒక పక్కకే లాగుతున్నా.

అక్కడి నుంచి ఏడాది పాటు మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. పద్యాలు రాలేదు. సంధులు, సమాసాలు రాలేదు. పలకరించడానికి, కోప్పడడానికి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడానికి సరిపడా తెలుగు వచ్చింది. ఆ చివరి ఆదివారం నేను వెళ్లేసరికి, “పిల్లలు?” అని అడిగారు. “తీసివేతలు నడుస్తున్నయి సార్. సగం మందికి వచ్చింది” అన్నాను. మిగతా సగం గురించి ఆయన అడగలేదు. తల మాత్రం ఊపారు. వాళ్ల సంగతి నాకు గుర్తుందని ఆయనకు తెలుసు.

ఇటువంటి ఉపాధ్యాయుడు మళ్లీ వస్తాడా అని సంతాప సభల్లో అంటారు. నేనా మాట అనలేను, నాకు తెలిసింది ఒక్క ఉపాధ్యాయుణ్నే. ఆయన స్థానం మాత్రం ఖాళీగానే ఉంది. తరగతిలో ఒక పిల్ల బిక్కముఖం వేసినప్పుడు, నేను ఎక్కడ తప్పుతున్నానో ఒక్క మాటలో చెప్పగలిగినవారు ఇక లేరు. ఆ పాదాలకు నా నమస్సులు.

మూడో దినం సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక వాళ్ల ఇంటికి వెళ్లాను. మేమందరం ఖాలా అని పిలిచే ఆయన భార్య రహీమా నా చెయ్యి పట్టుకొని లోపలి గదిలోకి తీసుకుపోయింది. అల్మారా నిండా నోటు పుస్తకాలు.

“బేటీ, నాకు తెలుగు చదువుడు నేర్పుతవా? గివన్ని ఆయన రాసినయే. నాకు ఒక్క హర్ఫ్, ఒక్క అక్షరం తెల్వది.”

“సార్‌ని ఎన్నడు అడగలేదా ఖాలా?”

“అడిగిన. పెండ్లయిన కొత్తల అడిగిన. రేపు, రేపు అన్నడు. బయటి పిల్లలకే టైం సరిపోయింది.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నాకే ఆయన మీద మొదటిసారి కొంచెం కోపం వచ్చింది.

పోయిన ఆదివారం వెళ్లాను. ముందు ఏది చదవాలనుంది అని అడిగాను. “ఆయన పేరు” అంది. ఒక నోటు పుస్తకం అట్ట మీద ఆయన చేత్తో రాసుకున్న పేరు కింద ఆమె వేలు పెట్టించాను. హ. మీ. ద్. మూడు నాలుగు సార్లు వేలు జరుపుకుంటూ పోయింది.

“గింత చిన్నగుందా ఆయన పేరు?” అంది.

“గింతే ఖాలా.”

ఇక నన్ను చూపించవద్దంది. లేచి, అల్మారాలోంచి ఇంకో పుస్తకం తీసి, కళ్లద్దాలు సర్దుకొని వెతికింది. నేను ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. కొంతసేపటికి ఆమె వేలు ఒకచోట ఆగింది.

“గిక్కడ గూడ ఉన్నడు” అంది.