హారతి తర్వాత మొదటి పేరు

ఇప్పుడు పండగంటే ముందు ప్రకటనలు వస్తాయి, వాటి వెనకాల తీరిగ్గా పండగ వస్తుంది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన ఆ కొత్తలో మా ప్రొద్దుటూరులో దసరా వచ్చిందని బజారుకు చెప్పేవాడు ఒకే ఒక్కడు, మైకుసెట్టు మామ. (ఊరందరికీ ఆయన మామే. వాళ్లింట్లో వాళ్లు కూడా అలాగే పిలిచేవారేమోనని నాకు అనుమానం.) నడిబజారులో ఆయన అంగడి. లోపల ఒక రేడియో, ఒక గ్రామఫోను, ఒక మైకు. మిద్దెమీద నాలుగు దిక్కులకూ నాలుగు గొట్టాలు. మామూలు రోజుల్లో రేడియోలో వచ్చే వార్తలూ సినిమా పాటలూ ఆ గొట్టాల్లోంచి ఊరంతా వినేది. జనం దాన్ని 'మామ స్టేషన్' అనేవారు. పాడ్యమి తెల్లవారిందంటే సినిమా పాట బంద్. పొద్దున్నే నాదస్వరం, ఎండెక్కాక అమ్మవారి కీర్తనలు, మధ్యాహ్నం వీణ, దీపాలవేళ గుళ్లో హారతి ఇస్తున్నప్పుడు హారతి పాట. ఏ రోజు అమ్మవారికి ఏ అలంకారమో పూజారిని అడగనక్కర్లేదు, మామను అడిగితే చాలు. దానికి తగిన గ్రామఫోను ప్లేటు అప్పటికే మఖ్మల్ గుడ్డతో తుడిచి పెట్టుకుని ఉండేవాడు. ఆ గుడ్డను ఇంకెవరూ ముట్టుకోకూడదు. పని తెలిసినవాళ్లను తర్వాత చాలామందిని చూశాను గానీ, సూదిని ప్లేటుమీద అంత మెత్తగా దించే చెయ్యి మళ్లీ చూడలేదు.

పాటకూ పాటకూ మధ్య ప్రకటనలు. దసరా పది రోజులూ అంగళ్లవాళ్లు పోటీపడి పేర్లు చెప్పించుకునేవారు. హారతి తర్వాతి చోటు మాత్రం పది రోజులకూ ఒక్కరికే. హారతి మోగినంతసేపూ బజారంతా ఎక్కడివాళ్లక్కడ చేతులు జోడించి నిలబడేది కదా, ఆ వెంటనే వినబడిన పేరు భక్తితో పాటు మనసులోకి వెళ్లిపోతుందని వర్తకుల నమ్మకం. అక్కడ ఒక్క పేరే చెప్పి, కాసేపు మైకు ఆపేస్తానని గుడి పెద్దలకు మామ మాటిచ్చి ఉన్నాడు. ఆ మాటమీదే ఏటా దసరా మైకు ఆయనకు దక్కేది. మాట తప్పిన ఏడు మైకు ఇంకొకరి మిద్దెమీద మోగుతుంది, అంతే.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, మామ దగ్గర ప్రకటనలు చదివే పనిలో కుదిరాను. రేడియోలో వార్తలు చదివేవాళ్ల గొంతును నాకు నేనే తగిలించుకున్నాను. "సౌందర్యారాధకులగు మహిళామణులారా! అవలోకింపుడు!" అని నేను మైకులో మొదలుపెడితే, ఎదురుగా పూలమ్మే అవ్వ కంగారుపడి "ఏందప్పా, ఎవురన్నా సచ్చిపోయినారా?" అని అడిగేది. ఆమెకు సాహిత్యం తెలియదని జాలిపడేవాణ్ణి.

ఆ ఏడు దసరాకు పది రోజుల ముందు మామ నన్ను పిలిచి, "హారతి చోటు మన జరీ శెట్టికి ఇచ్చేసినా. కడమ చోట్లకు జమ్మలమడుగులో, పులివెందులలో ఎవురన్నా వస్తారేమో చూసిరాపో" అన్నాడు. (జరీ శెట్టంటే మా ఎదురంగడి పట్టుచీరల వర్తకుడు.) పెద్ద రాయబారిలా బస్సెక్కాను. జమ్మలమడుగులో ఇత్తడి సామాన్ల అంగడి ఆయన, ఊరు పెట్టిన పేరు ఇత్తడన్న, నేను చెప్పిందంతా విని, "హారతి అయినాక చెప్తే చెప్పు, ల్యాకుంటే పో" అన్నాడు. బస్సు హారను కొడుతోంది. ఉత్త చేతులతో వెళ్తే మామ ముందు చిన్నబోతానని "సరే" అనేశాను. మర్నాడు పులివెందులలో నూనె గానుగ రెడ్డి కూడా ఆ చోటే అడిగాడు. అప్పటికి నాలుక అలవాటు పడిపోయింది. ప్రొద్దుటూరు మైకు పులివెందులకు వినబడుతుందా ఏమిటి, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అరగంట ముందే ఆయన్ను ఒప్పించడానికి నేను వాడిన మాట ఏమిటనుకున్నారు? "దసరాకు మీ ఊరంతా మా ఊళ్లోనే ఉంటాది రెడ్డీ!" ఆ ఊరంతాలో రెడ్డి కూడా ఒకడని నాకు తట్టనే లేదు.

పాడ్యమినాటి సాయంత్రం జరీ శెట్టి తన పేరు వినడానికి గడప మీద నిలబడ్డాడు. ఇత్తడన్న భార్యాపిల్లలతో బస్సు దిగి నేరుగా మా అంగడికే వచ్చాడు. ఆ వెనకే పదిమంది మనుషులతో గానుగ రెడ్డి. దూరం నుంచి వచ్చారు కదా అని పాపం మామ ఇద్దరికీ కుర్చీలు వేసి టీ చెప్పాడు. గుళ్లో గంట మోగింది. మామ చెప్పులు విడిచి, హారతి ప్లేటు పెట్టి సూది దించాడు. బజారు లేచి నిలబడింది. నేను మాత్రం రేడియో వెనక్కి జరిగాను.

ప్లేటు మూడు నిమిషాలు. మొదటి నిమిషం దేవుళ్లందరినీ తలుచుకోవడంలో పోయింది. రెండో నిమిషంలో మామ చెవి దగ్గర చేరి జరిగింది చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు, నా వైపు చూడనూ లేదు. చూపు సూదిమీదే ఉంది.

"గుళ్లో ఇచ్చిన జబాన్ ఎవురిది?" అన్నాడు.

"నీదే మామా."

"నోరు?"

"నాది."

"అట్లయితే ఆ నోటితోనే చెప్పు." పాట అయిపోగానే సూది ఎత్తి, మైకు నా ముందుకు తోశాడు. ఆయన ప్లేటును తుడవకుండా పక్కన పెట్టడం నేను చూడటం అదే మొదలు. గుడి పెద్దలకు ఇచ్చిన పదిహేనేళ్ల మాట నా వల్ల పోతోందని అప్పుడు అర్థమై, ఏడుపొచ్చింది.

"శ్రోతలారా" అన్నాను. తర్వాత ఏముందో గుర్తు రాలేదు. తగిలించుకున్న గొంతు ఎటో పోయింది. "అప్పా, అమ్మా, అందరూ వినండి. తప్పు నాది. ఈడ ఒక్క అంగడి పేరే చెప్పాల. నేను ముగ్గురికి మాటిచ్చినా. జరీ శెట్టి చీర మా అమ్మ పెండ్లికి కట్టింది, ఇప్పుటికీ రంగు పోలేదు. జమ్మలమడుగు ఇత్తడన్న బిందె మా అవ్వ రెండుసార్లు బాయిలో పడేసింది, సొట్ట పడలే. పులివెందుల గానుగ రెడ్డి నూనె అయితే, మా నాయన అన్నంలో ఉత్తదే పోసుకుని తింటాడు. ముగ్గురూ మంచోళ్లే. ఎవురి పేరు ముందు చెప్పాల్నో నాకు తెలీదు. మామకు ఈ సంగతి తెలీదు, ఆయన్నేమీ అనొద్దండి. కొట్టేదుంటే నన్ను కొట్టండి, ఈడనే ఉండా."

 పూలమ్మే అవ్వ మొదలుపెట్టిన నవ్వు గుడి దాకా పోయింది. గానుగ రెడ్డి లేచి లోపలికి వచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను. "ఏమిరా, రేపు గూడా ఇట్లే చెప్తావా?" అన్నాడు. "మీ నాయన సంగతి బాగుండాది. ఇంగొంచెం చెప్పు." గడప మీదనుంచి జరీ శెట్టి కేక, "రంగు పోలేదనేది మర్చిపోవద్దప్పా!" ఇత్తడన్న భార్య అయితే, మా అవ్వ బిందెను ఎంత లోతు బావిలో పడేసిందో వివరంగా అడిగింది. కాసేపటికి గుడి పెద్ద ఒకాయన వచ్చాడు. తప్పు ఒప్పుకోవడం ప్రకటన కిందికి రాదని తేల్చి, ప్రసాదం పెట్టి పోయాడు.

జనమంతా వెళ్లాక మామ మెచ్చుకుంటాడేమోనని నిలబడ్డాను. ఆయన మఖ్మల్ గుడ్డతో ప్లేటు తుడుస్తూ, "ఏడ్చేటప్పుడు మైకుకు అంత దగ్గిర పోవద్దురా, గాలి తగుల్తాది" అన్నాడు. తర్వాత ఆ గుడ్డ నా చేతికిచ్చాడు, రెండో ప్లేటు నన్నే తుడవమని.

ఆ పది రోజులూ హారతి తర్వాత నేను అదే తప్పు ఒప్పుకున్నాను. అది వినడానికి పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. మరుసటి ఏడూ వర్తకులు అదే అడిగారు, ఆ పై ఏడూ అంతే. బాగా వణుకుతూ చెప్పడం నేర్చుకున్నాను గానీ, మామ మాత్రం ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. "మొదుటి దినం మాదిరి రాలేదురా" అనేవాడు. నిజమే, రాలేదు. అంతకంటే పెద్ద తప్పులు బతుకులో చాలానే చేశాను. వాటిలో ఒక్కదాన్ని కూడా గట్టిగా పైకి చెప్పినవాణ్ణి కాను, పక్క గదిలోకైనా వినబడేంతగా. నాలుగు దిక్కులకూ వినబడేలా తప్పు ఒప్పుకున్న ఆ పందొమ్మిదేళ్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు అయ్యాక, వాడి ముందు కొంచెం సిగ్గేస్తుంది.