చావింట్లో సర్వే

బస్సు ప్రమాదం జరిగిన రోజు పొద్దున కూడా ఆ పిల్ల చెప్పులేసుకుంటూ, "అమ్మా, మనింట్లో ఎప్పుడూ నువ్వే ఎందుకు ఆఖర్న తింటావు?" అని అడిగింది.

"నీలాంటి మేధావులు తిన్నాక మిగిలితే కదే!" అంది తల్లి.

మానవశాస్త్రం, సమాజశాస్త్రం కలిపి డిగ్రీ వెలగబెడుతున్న ఆ మహాతల్లికి ఇంటిల్లిపాదీ పెట్టిన పేరు సర్వే. పెళ్లికెళితే భోజనం మానేసి, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసేది. ఆఖరికి బామ్మ పోయిన రోజు కూడా కంట తడి లేకుండా గోడకానుకుని, ఏడ్చేవాళ్లందరినీ గుడ్లప్పగించి చూస్తూ నిలబడింది.

"బామ్మ పోతే నీకు పాఠం దొరికిందటే, రాతిగుండెదానా!" అని తల్లి పదిమందిలో కడిగేసింది.

ఆ బస్సు ప్రమాదంలో పిల్ల పోయాక పలకరించడానికొచ్చిన లెక్చరరమ్మ చెప్పింది: దగ్గరగా చూసిన ఒక చావు గురించి రాయమంటే, "మా బామ్మ గురించి నా వల్ల కాదు మేడం" అని ఖాళీ కాగితమిచ్చి సున్నా తెచ్చుకుందట.