వానకు లేచే పురుగులు

ప్రొద్దుటూరులో మా ఇంటి పక్క ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ మొలిచేది. ఏ దేశం నుంచో వచ్చిపడిన కలుపు అది. వానలకు తెల్లగా పూసిందంటే నాకు ఆయాసం మొదలయ్యేది. అందుకే మా ఆయన కువైట్ నుంచి సెలవు ఎప్పుడూ వానాకాలంలోనే పెట్టుకునేవాడు. ముక్కుకు టవల్ చుట్టుకుని ఆ మొక్కలన్నీ తనే పీకి పారేసేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

ఒకసారి పులివెందుల పక్క చీనీకాయల తోట గట్టు మీద చారల పెంకుపురుగులు పట్టి, బొక్కలు పొడిచిన మిఠాయి డబ్బాలో తెచ్చి ఆ స్థలంలో వదిలాడు.

"ఇవి ఈ చెట్టు తప్ప ఇంకోటి ముట్టవు. ఎండలకు మన్నులో దూరి, మళ్లా వానకు లేస్తాయి. ఇంక నాతో పనుండదు మే," అని సంబరపడ్డాడు.

నిజంగానే పని లేకుండా పోయింది. మరుసటి ఏడు ఆకులు జల్లెడలయ్యాయి, పూత నిలవలేదు, నా ఊపిరి కుదుటపడింది. ఆయన సెలవు మాత్రం వాయిదా పడుతూనే ఉంది.

ఈసారి తొలివానకు ఫోన్ చేశాడు. "పురుగులొచ్చినాయా?"

"వచ్చినాయి మామా. వాటికి టికెట్టు అక్కర్లే, సెలవియ్యమని సేటును అడగక్కర్లే."

నవ్వాడు. "ఐతే నువ్వు బాగుండావులే. వచ్చే ఏడు చూస్తాం."

ఆ పురుగుల మీద నాకు ఒళ్లు మండింది. గోడ వార బతికున్న ఒకే ఒక్క మొక్క దగ్గర కూర్చుని, రోజూ దాని మీది పురుగులను ఏరి దూరంగా వదిలాను. మొన్న అది పూసింది. ఆ సాయంత్రం ఆయన ఫోన్లో పలకరించగానే, వచ్చిన దగ్గు కంటే గట్టిగా దగ్గాను.